కాల్జోన్ అంటే కజ్జికాయకి ఇటలీ చుట్టం: పిల్లలతో కలిసి చేసే పద్ధతి

పోయిన ఎపిసోడ్‌లో పిల్లలతో కలిసి చేసే వంటల గురించి మాట్లాడుతూ కాల్జోన్ సంగతి ఓ రెండు నిమిషాలు చెప్పి వదిలేశాను. కారు నడుపుతూ విన్నవాళ్ళు కొలతలు ఎక్కడ రాసుకుంటారు? "అన్నా, పిండి ఎంత, నీళ్ళెంత, ఓవెన్ ఎంత మీద పెట్టాలి, కాస్త రాసి పెట్టండి" అని అడిగారు. ట్రాన్‌స్క్రిప్టులో ఆ ముక్క ఉంది గానీ అది చూసి వంట చెయ్యలేరు, మధ్యలో నేనే రెండుసార్లు మాట మార్చాను. అందుకని విడిగా రాస్తున్నా.

ముందు ఒక హెచ్చరిక. ఓవెన్ వెలిగించే ముందు తలుపు తెరిచి లోపల ఏముందో చూడండి. నవ్వకండి. అమెరికాలో మన ఇళ్ళల్లో ఓవెన్‌కి ఉండేవి రెండే ఉద్యోగాలు. ఒకటి, బాండీలు, పెనాలు, పెద్ద గిన్నెలు దాచుకునే బీరువా. రెండోది, చలికాలంలో లోపల లైటు వేసి దోసెపిండి పులియబెట్టే గది. నేను మొదటిసారి కాల్జోన్ చేసిన రోజు 425 డిగ్రీలు పెట్టేసి, పిల్లలిద్దరినీ పిలిచి, చేతులు కడిగించి, గొప్పగా మొదలుపెట్టా. పది నిమిషాలకి ఏదో కాలుతున్న వాసన. ముందు రోజు రాత్రి మా ఆవిడ పెట్టిన దోసెపిండి గిన్నె లోపలే ఉంది, దాని మీద ప్లాస్టిక్ మూత. మూత కరిగి పిండిలోకి దిగిపోయింది. పొగ అలారం మోగింది, కిటికీలన్నీ తెరిచాం, బయట జనవరి చలి. మా చిన్నోడికి అప్పుడు అయిదేళ్ళు. ఇప్పటికీ కాల్జోన్‌ని వాడు "అలారం పిజ్జా" అనే అంటాడు. ఆ రోజు నుంచి ఓవెన్లో ఏదైనా పెడితే నాబ్ మీద ఒక కాగితం ముక్క అంటిస్తున్నాం.

ఇక అసలు విషయం. కాల్జోన్ అంటే పిజ్జాని సగానికి మడిచి, అంచులు మూసి కాల్చినది. పిండి అదే, జున్ను అదే, ఆకారం వేరు. ఇటాలియన్‌లో ఆ మాటకి ప్యాంటు కాలు అని అర్థం. ఊరు నేపుల్స్. ప్లేటూ బల్లా లేకుండా చేత్తో పట్టుకుని నడుస్తూ తినొచ్చు, అదీ దాని సుఖం. ఇక్కడ న్యూజెర్సీలో మామూలు పిజ్జా షాపులో అడిగితే లోపల రికోటా, మోజరెల్లా పెట్టి, టమాటా సాస్ పక్కన చిన్న గిన్నెలో ఇస్తారు. సాస్ పక్కన ఇవ్వడానికి కారణం ఉంది, అది తర్వాత చెప్తా.

వీడియో కాల్‌లో మా అమ్మ మొదటిసారి దాన్ని చూసి, "ఏరా, అది కజ్జికాయ కదూ? అంత లావుగా చేశారేంటి?" అంది. నిజమే. అర్ధచంద్రాకారం, మడత, నొక్కిన అంచు, లోపల పూర్ణం. మాది తెనాలి వైపు, మేం కజ్జికాయలు అంటాం. మా ఆవిడది కరీంనగర్, వాళ్ళు గరిజెలు అంటారు. ఈ పేరు మీద మా ఇంట్లో పండక్కోసారి పంచాయితీ జరుగుతుంది, దాని జోలికి ఇప్పుడు పోను.

ఆ కాల్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎపిసోడ్‌లో చెప్పలేదు. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే మాటలు రావు. నాయనమ్మతో ఫోన్ ఎలా ఉండేదంటే: "అన్నం తిన్నావా తల్లీ?" "తిన్నా." "స్కూలుకి వెళ్ళావా?" "వెళ్ళా." అంతే, ఫోన్ నా చేతికి వచ్చేసేది. నలభై సెకన్లు. దానికి నాయనమ్మ మీద ప్రేమ లేక కాదు, మాట్లాడుకోవడానికి ఇద్దరి మధ్యా ఒక వస్తువు లేదు. మా అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు గానీ, ఫోన్ నాకిచ్చాక ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం నాకు వినపడేది.

శనివారం పొద్దున పదింటికి మేం పిండి కలిపితే, వేసవికాలం టైము ప్రకారం అక్కడ రాత్రి ఏడున్నర. భోజనాలకి ముందు కాస్త తీరిక. ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి పెట్టాం. "అంచు అలా కాదు బంగారం, బొటనవేలితో మడిచి మడిచి పోవాలి" అని ఆవిడ, "లైక్ దిస్ నాయనమ్మా?" అని ఇది. ముప్పావు గంట. మధ్యలో నన్ను ఎవరూ పిలవలేదు.

పిసకడం, సాగదీయడం, మడవడం, నొక్కడం, అంచు, మడత, జిగురు, పల్చన, మందం. ఒక్క పూటలో ఇన్ని మాటలు వస్తాయని నేనూ అనుకోలేదు. అర కప్పు, పావు చెంచా, ముప్పావు అనేవి పుస్తకంలో చెప్తే మా పెద్దది మొహం చిట్లించేది, ఇక్కడ చేతిలో కప్పు ఉంది కాబట్టి వచ్చేశాయి. ఒక ప్రశ్న మాత్రం నన్ను ఆపింది. "పిండి పొంగింది" అంటే, "పాలు పొంగినట్టా నాన్నా?" అంది. అవును, మాట అదే. మరి దోసెపిండి "పులిసింది" అంటాం కదా, తేడా ఏంటి? పొంగడం కంటికి కనపడేది, పులవడం నాలుకకి తెలిసేది అని చెప్పా. వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో గానీ దానికి సరిపోయింది.

కొలతలు రాసుకోండి. ఇవి పిల్లల చేతికి సరిపోయే చిన్న కాల్జోన్లు ఆరు వస్తాయి. ఆల్ పర్పస్ పిండి 3 కప్పులు, తూకంలో 360 గ్రాములు. గోరువెచ్చని నీళ్ళు 1 కప్పు. ఈస్ట్ ఒక ప్యాకెట్, అంటే 7 గ్రాములు, రెండుంపావు టీస్పూన్లు. షాపులో మూడు ప్యాకెట్లు ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయే, అందులో ఒకటి. ఉప్పు 1 టీస్పూను పైన కొంచెం, పంచదార 1 టీస్పూను, నూనె 1 టేబుల్ స్పూను. లోపలికి రికోటా 1 కప్పు, తురిమిన మోజరెల్లా 1 కప్పు, ఉప్పు, మిరియాల పొడి. వంటగది త్రాసు ఉంటే గ్రాముల్లోనే కొలవండి. పిల్లలు కప్పు ముంచి అదిమి అదిమి నింపుతారు, అప్పుడు 3 కప్పులు కాస్తా మూడున్నర అవుతుంది, పిండి రాయిలాగా వస్తుంది. మాకు రెండుసార్లు అలాగే అయింది.

నీళ్ళు ఎంత వేడి? 105 నుంచి 110 ఫారన్‌హీట్ ఉంటే చాలు. ఈస్ట్ బతికున్న జీవి, పిండిలోని చక్కెరల్ని తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ గాలికే పిండి ఉబ్బుతుంది. 140 ఫారన్‌హీట్ దాటితే చచ్చిపోతుంది, ఇక ఎంతసేపు పెట్టినా పిండి కదలదు. చల్లటి నీళ్ళు పోస్తే చావదు, బద్ధకిస్తుంది అంతే. కాబట్టి అనుమానం వస్తే చల్లదనం వైపే పోండి. మన ఇడ్లీపిండిలో ప్యాకెట్ ఏమీ వెయ్యం, పప్పూ బియ్యంతో పాటు వచ్చే బాక్టీరియానే ఆ పని చేస్తుంది, అందుకే దానికి రాత్రంతా కావాలి, పులుపూ వస్తుంది. ఈస్ట్‌కి గంట చాలు. చలికాలంలో మన దోసెపిండి ఉపాయమే ఇక్కడా పనికొస్తుంది: ఓవెన్ ఆర్పేసి, లోపల లైటు మాత్రం వేసి, గిన్నె మీద తడిగుడ్డ కప్పి పెట్టండి. నాబ్ మీద కాగితం మర్చిపోకండి.

పిండి కలిపాక ఎనిమిది, పది నిమిషాలు పిసకాలి. ఇది పిల్లల పని, వాళ్ళ కోపాలన్నీ ఇక్కడ పోతాయి. చేతికి అంటుకుంటోందని పైన పొడి పిండి చల్లుతూ పోతారు, ఆపండి. మొదట అంటుకుంటుంది, అయిదు నిమిషాలకి అదే వదిలేస్తుంది. గోధుమలో ఉండే ప్రోటీన్లు నీళ్ళు తగిలాక ఒకదానికొకటి పెనవేసుకుని సాగే వల లాగా తయారవుతాయి, దాన్నే గ్లూటెన్ అంటారు. గాలిని పట్టి ఉంచేది ఆ వలే.

"మన చపాతీ పిండితో చెయ్యొచ్చా?" అని చాలామంది అడిగారు. పూర్తిగా దానితో చేస్తే పొంగదు, బిగుసుకుపోతుంది. అందులో ఉండే తవుడు ఆ వలని తెంపేస్తుంది. సగం ఆల్ పర్పస్, సగం చపాతీ పిండి వేసి, నీళ్ళు రెండు చెంచాలు ఎక్కువ పోస్తే బాగానే వస్తుంది, రుచి కూడా నాకు అదే ఇష్టం. పిల్లలు మాత్రం తెల్లదే కావాలంటారు.

గంటకి పిండి రెండింతలవుతుంది. ఆరు ఉండలు చేసి, వెంటనే ఒత్తడం మొదలుపెడితే ఏమవుతుందంటే, కర్ర తీయగానే అది రబ్బరు లాగా వెనక్కి ముడుచుకుంటుంది. చిన్నోడికి ఇక్కడే ఏడుపొస్తుంది. పది నిమిషాలు గుడ్డ కప్పి వదిలెయ్యండి. బొబ్బట్ల పిండిని నూనె పోసి రెండు గంటలు నానబెట్టేది ఎందుకు? ఆ బిగుతు సడలడానికే. ఇదీ అంతే. ఈ సంగతి నాకు మా అమ్మ చెప్పింది, ఇటలీ వంట మీద నేను చూసిన వీడియోలు ఏవీ చెప్పలేదు.

ఉండని ఆరంగుళాల వెడల్పు ఒత్తండి, పూరీ కంటే కాస్త పెద్దది, మందం కూడా ఎక్కువ. సగం భాగం మీద మూడు, నాలుగు చెంచాల కూర, అంచు చుట్టూ వేలెడు చోటు వదిలి. కాల్జోన్ గెలిచినా ఓడినా ఇక్కడే. పిల్లలు ఎక్కువ కుక్కుతారు. కజ్జికాయలో పూర్ణం ఎక్కువైతే నూనెలో విచ్చుకుని, బెల్లం కారి, నూనె మొత్తం నల్లబడుతుందని మనకి తెలుసు. ఇక్కడ జున్ను కారి ట్రే మీద మాడుతుంది. ఇంకో సంగతి, అంచుకి నూనె గానీ జున్ను గానీ తగిలితే ఎంత నొక్కినా అతుక్కోదు. నీళ్ళలో వేలు ముంచి అంచంతా రాసి, మడిచి, ముందు వేళ్ళతో నొక్కి, తర్వాత ఫోర్కుతో నొక్కండి. ఫోర్కు పని అయిదేళ్ళవాడికి ఇవ్వండి, ఆ గీతలు వాడి సంతకం.

తర్వాత పైన కత్తెరతో ఒక చిన్న గాటు పెట్టాలి. నీళ్ళు ఆవిరైతే పదహారు, పదిహేడు వందల రెట్లు చోటు ఆక్రమిస్తాయి. ఆ ఆవిరికి దారి లేకపోతే అంచు పగలదీసుకుని పోతుంది. కజ్జికాయకి గాటు ఎందుకు పెట్టం? లోపల కొబ్బరి, బెల్లమో, పుట్నాల పొడో, అంతా పొడిపొడిగా ఉంటుంది కాబట్టి. కాల్జోన్ లోపల తడి. సాస్ పక్కన ఇవ్వడానికి కారణం కూడా ఇదే, లోపల పోస్తే అడుగు పిండి ఉడక్కుండా చిత్తడిగా మిగిలిపోతుంది. ఫ్రోజెన్ పాలకూర పెట్టేటట్టయితే కరిగాక గుప్పిట్లో పిండండి, ఎంత నీరు కారుతుందో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. నీళ్ళల్లో తేలే మెత్తటి మోజరెల్లా ముద్ద వద్దు, గట్టిగా ఉండి తురుముకునే రకం తెచ్చుకోండి. రికోటాని పల్చటి గుడ్డలో పావుగంట వేలాడదీయండి. రికోటా అంటే మళ్ళీ ఉడికించినది అని అర్థమట, జున్ను చేశాక మిగిలిన తేటని మళ్ళీ కాచి తీసేది. పాలు విరగ్గొట్టిన పన్నీర్‌ని మెత్తగా నలిపి వాడినా నడుస్తుంది, నేను సగంసార్లు అదే వాడతా.

425 ఫారన్‌హీట్ మీద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. పైన పాలు రాస్తే రంగు వస్తుంది, గుడ్డు తినేవాళ్ళు గుడ్డు రాసుకోవచ్చు. ట్రే మీద వేసే కాగితం పార్చ్‌మెంట్ అయ్యుండాలి, మైనపు కాగితం కాదు, అది పొగొస్తుంది. పార్చ్‌మెంట్‌కి కూడా ఎంత వేడి వరకు ఓర్చుకుంటుందో డబ్బా మీద రాసి ఉంటుంది, చాలావాటికి 420కీ 450కీ మధ్య. ఒకసారి చూసుకోండి. బయటికి తీశాక పది నిమిషాలు ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల జున్ను సలసలా ఉంటుంది. మొదటిది మధ్యకి కోసి, ఆవిరి పోయాక పిల్లలకివ్వండి. ఓవెన్ తలుపు తీయడం, ట్రే లాగడం పెద్దవాళ్ళ పని, ఇందులో బేరం లేదు.

పచ్చి పిండి నోట్లో పెట్టుకోనివ్వకూడదు. మన ఇళ్ళల్లో పిల్లలు చపాతీ పిండి ముక్క గిల్లుకుని తినడం మామూలే, నేనూ తిన్నా. కానీ సంచిలో వచ్చే పిండి వేడి చేసినది కాదు, పొలంలో గింజకి అంటుకున్నది దాంతో పాటే వస్తుంది. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్ల 24 రాష్ట్రాల్లో 63 మందికి ఈ. కోలై సోకింది. అప్పట్నుంచి సీడీసీ వాళ్ళు పచ్చి పిండి రుచి చూడొద్దనే చెప్తున్నారు. పిసికాక చేతులు సబ్బుతో కడిగించండి.

శాకాహారులకి ఒక మాట. జున్ను గట్టిపడడానికి వాడే రెన్నెట్ మొదట్లో దూడ కడుపులోంచి తీసేది. 1990లో అమెరికా ఎఫ్‌డీఏ, సూక్ష్మజీవుల ద్వారా తయారుచేసిన కైమోసిన్ అనే ఎంజైమ్‌కి అనుమతి ఇచ్చింది, ఇప్పుడు ఇక్కడ చాలా జున్నుల్లో వాడేది అదే. కానీ ప్యాకెట్ మీద ఉత్త "ఎంజైమ్స్" అని ఉంటే ఏ రకమో తెలీదు. "వెజిటేరియన్ రెన్నెట్" లేదా "మైక్రోబియల్" అని ఉన్నది చూసుకోండి. పార్మిజానో రెజ్జానో అని ఇటలీ ముద్రతో వచ్చేది మాత్రం దూడ రెన్నెట్‌తోనే చెయ్యాలి, వాళ్ళ నిబంధన అది. మా అమ్మ వచ్చినప్పుడు ఇది తెలీక దాన్ని తురిమి పైన చల్లాను. తర్వాత చదివి తెలుసుకున్నా. ఆవిడకి చెప్పలేదు, ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది.

లోపల ఏం పెట్టాలన్నది మీ ఇష్టం. మసాలా దోసె కూర భేషుగ్గా ఉంటుంది, నీరు తక్కువ కాబట్టి కారదు, పైన కాస్త జున్ను. కోడి పెట్టేటట్టయితే ముందే పూర్తిగా వండి, గుజ్జు ఇగరబెట్టి, చల్లార్చి పెట్టండి. గోంగూర ఒకసారి ప్రయత్నించా. నాకు నచ్చింది, ఇంకెవరూ తినలేదు.

ఎపిసోడ్ విన్న ఒకరు అడిగారు, ఇలా కూరని పిండిలో దాచి స్కూలుకి పంపడం అంటే మనది అని సిగ్గుపడడం కాదా అని. నేనూ ఆలోచించా. మా పెద్దది రెండో తరగతిలో ఉండగా పులిహోర డబ్బా మూత తీయకుండానే వెనక్కి తెచ్చేది. ఎవరో ఏదో అన్నారట. అప్పుడు కాల్జోన్‌లో బంగాళాదుంప కూర పెట్టి పంపాను, తినేసింది. అది దాచడమే, ఒప్పుకుంటా. ఆకలితో ఇంటికొచ్చే పిల్లని చూస్తూ సంస్కృతి గురించి వాదించే ఓపిక నాకు లేకపోయింది. అయినా ఈ దేశంలో ఈ ఆకారం వెనకాల ఉన్నవాళ్ళంతా బయట నుంచి వచ్చినవాళ్ళే, ఆ సంగతి పిల్లకి చెప్పా.

1880 నుంచి 1924 లోపు 40 లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా వచ్చారు, ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. చాలామంది నాలుగు డబ్బులు సంపాదించి ఊరికి పోయి పొలం కొనుక్కుందామనే వచ్చారు, కొందరు పోయారు, కొందరు "వచ్చే ఏడు" అంటూ ఇక్కడే ఉండిపోయారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? 1924లో వచ్చిన వలస చట్టం ఇటలీ నుంచి రాకని బాగా బిగించేసింది, ఆసియా వాళ్ళకయితే దాదాపు తలుపే మూసేసింది. న్యూయార్క్‌లో స్ప్రింగ్ స్ట్రీట్ మీద లొంబార్డీస్ పిజ్జా 1905 నాటిదని చెప్తారు. ఇటలీ వాళ్ళొక్కళ్ళే కాదు, మిషిగన్ పై భాగంలో రాగి గనుల్లో పనికి 1840ల నుంచి ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ వాళ్ళు వచ్చారు. మాంసం, దుంప పెట్టి మడిచిన పాస్టీ అనే మధ్యాహ్న భోజనం గనిలోకి పట్టుకుపోయేవాళ్ళు. తర్వాత వచ్చిన ఫిన్లండ్ కూలీలు దాన్ని నేర్చుకుని తమదే అన్నంత చేసుకున్నారు. ఇప్పటికీ అటు వెళ్తే రోడ్డు పక్కన పాస్టీ షాపులు ఉంటాయి.

ఇంక సూపర్ మార్కెట్ ఫ్రీజర్లో దొరికే హాట్ పాకెట్స్. అది చేసింది ఇరాన్ నుంచి వచ్చిన పాల్, డేవిడ్ మెరాజ్ అనే అన్నదమ్ములు. 1983లో మార్కెట్లోకి తెచ్చారు, 2002లో వాళ్ళ కంపెనీని నెస్లే 260 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఏ పిండి అయినా మెత్తబడుతుంది కదా, దానికని లోపల లోహపు పూత ఉన్న అట్ట తొడుగు ఇచ్చేవాళ్ళు, ఆ పూత వేడెక్కి పైభాగాన్ని కరకరలాడించేది. మన ఇంటి కాల్జోన్‌కి ఆ తొడుగు ఉండదు, అందుకని మైక్రోవేవ్‌లో వేడి చెయ్యకండి, తోలులా సాగుతుంది. కాల్చి, పూర్తిగా చల్లార్చి, ఒక్కోదాన్ని చుట్టి ఫ్రీజర్లో పెట్టుకుంటే రెండు నెలలు ఉంటాయి. 350 మీద ఇరవై నిమిషాలు పెడితే మళ్ళీ కొత్తదానిలా అవుతుంది. డబ్బాలో పంపేటప్పుడు ఐస్ ప్యాక్ పెట్టండి, జున్ను ఉన్నది రెండు గంటలకి మించి బయట ఉండకూడదు. నువ్వులు చల్లే అలవాటుంటే స్కూలు నియమాలు చూసుకోండి. 2023 జనవరి నుంచి అమెరికాలో లేబుల్ మీద తప్పనిసరిగా రాయాల్సిన అలర్జీ పదార్థాల్లో నువ్వులు తొమ్మిదోది.

దుబాయ్, కువైట్ నుంచి వినేవాళ్ళు కూడా రాశారు: "రూములో ఆరుగురం, ఉన్నది ఒక స్టవ్వు, ఓవెన్ ఎక్కణ్ణుంచి తెస్తాం?" అక్కర్లేదు. నేపుల్స్‌లోనే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలామందికి ఓవెన్ పిజ్జా అందుబాటులో లేక, ఇదే పిండిని మడిచి నూనెలో వేయించి వీధిలో అమ్మేవాళ్ళు. ఇవాళ తిని ఎనిమిది రోజుల తర్వాత డబ్బులు కట్టే పద్ధతి కూడా ఉండేది, మన కిరాణా కొట్టు ఖాతా లాగే. 1954లో వచ్చిన "లోరో ది నాపోలి" సినిమాలో సోఫియా లోరెన్ అమ్మేది ఆ పిజ్జానే. అచ్చంగా కజ్జికాయల్లాగే చెయ్యండి: చిన్న ఉండ, పల్చగా ఒత్తి, లోపల పొడిగా ఉండే కూర, నూనె మధ్యస్తంగా కాగాక రెండు వైపులా రంగు వచ్చేదాకా. ఒక్కటే తేడా, వేయించేదానికి గాటు పెట్టకూడదు, నూనె లోపలికి పోతుంది. నూనె వద్దనుకుంటే అడుగు మందంగా ఉన్న పెనం మీద మూతపెట్టి, సన్నని మంట మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు. పొంగు కాస్త తగ్గుతుంది, తినడానికి లోటుండదు.

మొన్న శనివారం మా అమ్మ ఫోన్ ఎత్తేసరికి ఆవిడ పొయ్యి ముందు ఉంది. తెనాలిలో ఆవిడకి ఓవెన్ లేదు. పక్కింటి కుర్రాడితో ఈస్ట్ తెప్పించి, మేం చేసిన కొలతలే కలిపి, లోపల కొబ్బరి, బెల్లం పెట్టి బాండీలో వేయిస్తోంది. మూడింట్లో రెండు విచ్చుకున్నాయి. "నాయనమ్మా, టూ మచ్ పూర్ణం! అంచుకి తడి రాశావా?" అని మా పెద్దది ఇక్కణ్ణుంచి అరుస్తోంది. "రాశానే తల్లీ, నూనె కాక ఎక్కువైంది" అని ఆవిడ. నేను మా టికెట్ల సంగతి చెప్దామని ఫోన్ చేశా. అరగంటయ్యాక కూడా ఫోన్ నా చేతికి రాలేదు.